ఏ గోడ ఎప్పటిది? యెరికో దిబ్బ మీద ఒక పాస్టర్ గారితో చేసిన పాఠం: కేస్ స్టడీ

బైబిల్ దేశాల పురావస్తు చరిత్రను పాస్టర్లకు, సండే స్కూల్ టీచర్లకు చెప్పడం నా పని. ఈ పనిలో ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న యెరికో గోడల గురించే. యెహోషువ నాయకత్వంలో ఇశ్రాయేలీయులు చుట్టూ తిరిగి కేకలు వేస్తే ఆ గోడలు కూలాయని బైబిల్‌లోని యెహోషువ గ్రంథం ఆరో అధ్యాయం చెప్తుంది. అలాంటి ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో సరైన సమాచారం ఇచ్చినా మొదట పని జరగలేదు. అదే సమాచారాన్ని వేరే వరసలో ఇచ్చాక జరిగింది. ఎక్కడ తేడా వచ్చిందో ఇలాంటి పాఠాలు చెప్పే తోటివాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం. పాస్టర్ గారి పేరు, ఊరు, సంఘం రాయడం లేదు, గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. ఆయన చదివి సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది.

నేపథ్యం

పాస్టర్ గారు నడివయసు మనిషి. బైబిల్ కాలేజీలో చదువుకున్నారు, ప్రసంగం బాగా చేస్తారు, సంఘంలో మంచి పేరుంది. సంఘంలో యూత్ ఎక్కువ. చాలామంది ఇంజినీరింగో డిగ్రీనో చదువుతున్నవాళ్లు. యెహోషువ గ్రంథం మీద వరుసగా పాఠాలు చెప్తూ ఆరో అధ్యాయానికి వచ్చేసరికి, ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పవర్‌పాయింట్‌ను తెలుగులోకి మార్చుకుని ప్రొజెక్టర్ మీద వేశారు. అందులో ఒక పాత నలుపు తెలుపు ఫోటో, పచ్చి ఇటుకల గోడ, కింద పెద్ద అక్షరాలతో ‘యెరికో గోడలు కూలాయని పురావస్తు శాస్త్రం నిరూపించింది, క్రీ.పూ. 1400’ అని ఉంది.

వెనక వరసలో ఒక కుర్రాడు లేచి ఫోన్ చూసి చదివాడు. ఆ ఫోటోలోని గోడ యెహోషువ కంటే దాదాపు వెయ్యేళ్లు పాతదని, ఆయన కాలంలో అక్కడ గోడలున్న పట్టణమే లేదని. ఇవి నాస్తికుల మాటలని పాస్టర్ గారు అన్నారు. కుర్రాడు మర్యాదగానే, “అయ్యగారూ, తవ్వినావిడ తండ్రి బైబిల్ పండితుడేనండీ” అన్నాడు. అది నిజమే. యెరికోను 1950లలో తవ్విన కాథ్లీన్ కెన్యన్ తండ్రి సర్ ఫ్రెడరిక్ కెన్యన్ బైబిల్ ప్రాచీన ప్రతుల పండితుడు, బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్‌గా పనిచేసినవాడు. మీటింగ్ ప్రార్థనతో ముగిసింది కానీ ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి నుంచి యూత్ వాట్సాప్ గ్రూపులో వాదన మొదలైంది.

సమస్య

“వందనాలు సార్. వచ్చే మీటింగ్ లోపు నాకు ఒక గట్టి జవాబు కావాలి” అని ఫోన్ చేశారు. మాట్లాడుతుంటే నాకు మూడు విషయాలు విడివిడిగా వినిపించాయి. మొదటిది, ఆయన స్లైడ్‌లో ఉన్న మాట ఎప్పుడో పాతబడిపోయింది. రెండోది, పిల్లల ముందు మాట పడిపోయిందన్న బాధ. మూడోది ఆయన నేరుగా అనలేదు. ఈ గోడ పోతే ఇంకేమేం పోతాయో అన్న భయం.

మొదటిదాన్ని పట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. పురావస్తు శాస్త్రం చదివినవాడిగా నాకు అధికారం ఉన్నది దానిమీదే. విశ్వాసం ఆయన రంగం, అక్కడ నేను చేయి పెట్టకూడదు. తేదీ సరిదిద్దితే మిగిలిన రెండూ వాటంతటవే సర్దుకుంటాయని అనుకున్నాను. సంగతి అర్థం కావాలంటే ముందు దిబ్బ గురించి కొంత చెప్పాలి.

దిబ్బ

ఇప్పుడు జనం ఉంటున్న యెరికో పట్టణం వేరు, పాత యెరికో దిబ్బ వేరు. దిబ్బ పేరు టెల్ ఎస్-సుల్తాన్. పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్‌లో, మృత సముద్రానికి ఉత్తరాన, యొర్దాను లోయలో, సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల దిగువన ఉంది. 2023లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దిబ్బ పక్కనే ఒక పెద్ద ఊట. ఎలీషా ప్రవక్త బాగుచేసిన నీళ్లు ఇవేనని క్రైస్తవులు చెప్పుకుంటారు. చుట్టూ ఎండిపోయిన నేల, మధ్యలో ఎండని ఊట. అందుకే పదివేల ఏళ్లకు ముందు నుంచీ మనుషులు ఇక్కడ నిలబడ్డారు. మధ్యమధ్య ఊరు ఖాళీ అయినా మళ్లీ అదే చోటికి వచ్చారు. పచ్చి ఇటుకల ఇల్లు కూలితే ఆ మట్టిని చదును చేసి దాని మీదే కొత్తది కట్టారు. అలా పేరుకుని దిబ్బ 20 మీటర్ల పైచిలుకు లేచింది. మన ఊళ్ల పక్కన ఉండే పాటిదిబ్బలు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. పొలాలకు పాటిమన్ను తోలుకుంటుంటే కుండపెంకులు, పూసలు బయటపడతాయే, అలాంటి దిబ్బే ఇదీ. కాకపోతే చాలా పాతది, చాలా ఎత్తైనది.

తవ్వకాల చరిత్ర కూడా ఒక దిబ్బలాగే పేరుకుంది. 1868లో చార్లెస్ వారెన్ బావుల్లాంటి గోతులు దింపి, పెద్దగా ఏమీ లేదనుకుని వెళ్లిపోయాడు. 1907 నుంచి 1911 మధ్య ఎర్నెస్ట్ సెల్లిన్, కార్ల్ వాట్జింగర్ అనే జర్మన్ పండితులు దిబ్బను పెద్ద ఎత్తున తవ్వారు. 1926లో వాట్జింగర్ తన తేదీలను తానే సవరించి, యెహోషువ కాలానికి అక్కడ శిథిలాలే ఉన్నాయని రాశాడు. 1930 నుంచి 1936 వరకు జాన్ గార్‌స్టాంగ్ తవ్వాడు. దిబ్బ అంచున జంట గోడ ఒకటి చూసి, అది క్రీ.పూ. 1400 ప్రాంతంలో కూలిందని, అదే యెహోషువ గోడ అని ప్రకటించాడు. పాస్టర్ గారి స్లైడ్‌లో ఉన్నది ఆ గోడే.

తర్వాత 1952 నుంచి 1958 వరకు కెన్యన్. ఆమె మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లు లోతైన ట్రెంచ్‌లు తీసింది. ట్రెంచ్ పక్కల మట్టిగోడలను నిలువుగా చెక్కి, ఒక్కో పొరనూ కొలిచి గీయించింది. దిబ్బ అడుగున సుమారు 8.5 మీటర్ల ఎత్తున్న రాతి బురుజు దొరికింది. లోపల మెట్లున్నాయి, కట్టింది క్రీ.పూ. 8000 కంటే ముందే. ఇంకోచోట చనిపోయినవాళ్ల పుర్రెల మీద సున్నపు ముద్దతో ముఖాలు తీర్చి, కళ్ల చోట గవ్వలు పొదిగినవి దొరికాయి. కుండ చేయడం రాకముందే మనుషులు ఇంత పని చేశారు. నాకు యెరికో అంటే ముందు గుర్తొచ్చేది ఇదే. కానీ ఈ దిబ్బ గురించి అడిగే ప్రతివాళ్లూ బురుజును దాటేసి నేరుగా యెహోషువ దగ్గరికే వెళ్తారు.

గోడల విషయానికి వస్తే, గార్‌స్టాంగ్ జంట గోడ తొలి కంచు యుగానిదని కెన్యన్ చూపించింది. అంటే క్రీ.పూ. 2300 ప్రాంతానికి ముందుది. ఆ రెండు గోడలు ఒకేసారి కట్టినవి కూడా కావు. దాని తర్వాత మధ్య కంచు యుగంలో దిబ్బ చుట్టూ పెద్ద మట్టి వాలు పోసి సున్నం పూశారు, వాలు అడుగున పెద్ద బండరాళ్లతో గోడ కట్టారు. ఆ పట్టణం క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఘోరంగా తగలబడిపోయింది. ఆ తర్వాత మలి కంచు యుగానివి చాలా కొద్దిగా దొరికాయి. ఒక భవనం, ఒక నేల ముక్క, దాని మీద ఒక మట్టి పొయ్యి, చిన్న కూజా, పాత సమాధులను మళ్లీ వాడుకున్న గుర్తులు. ఆ కాలపు ప్రాకారం మాత్రం దొరకలేదు.

మొదట చేసింది: నేరుగా తేదీ చెప్పడం

నేను పైన రాసినదంతా ఒక పేజీకి కుదించి, తేదీల పట్టికతో పంపాను. మీటింగ్ దగ్గరపడుతోంది కాబట్టి క్లుప్తంగా, తప్పుల్లేకుండా ఉంటే చాలనుకున్నాను.

రెండు రోజులు జవాబు రాలేదు. తర్వాత ఇంగ్లీషులో ఉన్న ఒక వ్యాసం పంపారు. 1990లో బ్రయంట్ వుడ్ అనే పండితుడు కెన్యన్ తేదీని తప్పుబట్టి, కాలిపోయిన పట్టణం 1400 నాటిదేనని వాదించాడు. ఆ వాదన సారాంశం అది. కింద పాస్టర్ గారి మాట: “సార్, ఈయన కూడా పురావస్తు శాస్త్రవేత్తే. మరి మీరెందుకు ఆవిడ మాటే తీసుకున్నారు?”

ప్రశ్న న్యాయమైనదే. నా పేజీలో ముగింపులున్నాయి, వాటికి చేరిన దారి లేదు. దారి కనిపించనప్పుడు చదివేవాడికి మిగిలేది పేర్లే. ఈ పేరు ఆ పేరుకు పోటీగా నిలబడుతుంది, ఎవరి వైపు ఎవరు అన్నదే లెక్క అవుతుంది. భయంతో ఉన్న మనిషి తనవైపు ఉన్న పేరునే పట్టుకుంటాడు. అందులో ఆయన తప్పేమీ లేదు.

తర్వాత చేసింది: రెండు వైపులా పట్టిక

అప్పుడు రెండు వాదనలనూ పక్కపక్కన పెట్టాను. ఎడమవైపు 1400 అనేవాళ్ల ఆధారాలు, కుడివైపు 1550 అనేవాళ్లవి. నేను ఒక పక్షం తీసుకున్నట్టు ఆయనకు అనిపించకుండా ఉంటే వినగలుగుతారని నా ఆలోచన.

ఎడమవైపు నిజంగానే కొన్ని గట్టి సంగతులున్నాయి, వాటిని తగ్గించి రాయలేదు. రాతి గోడ అడుగున, బయటి వైపు, పైనుంచి పడిన ఎర్ర ఇటుకల కుప్పను కెన్యనే నమోదు చేసింది. కాలిన ఇళ్లలో ధాన్యంతో నిండిన జాడీలు దొరికాయి. అంటే నెలల తరబడి ముట్టడి చేసి ఆకలితో లొంగదీసిన ఊరు కాదు, కోతలు అయిన కొద్దికాలానికే కాలిన ఊరు. గార్‌స్టాంగ్ తవ్విన సమాధుల్లో మూడో అమెన్‌హోటెప్ దాకా ఫరోల (ఈజిప్టు రాజుల) పేర్లున్న స్కారబ్‌లు, అంటే పేడపురుగు ఆకారపు చిన్న ముద్రలు, వచ్చాయి. బ్రిటిష్ మ్యూజియం ల్యాబ్ ఒక బొగ్గు ముక్కకు కార్బన్-14 పద్ధతిలో (అందులో మిగిలిన కార్బన్-14ను కొలిచి వయసు కట్టే పద్ధతి) క్రీ.పూ. 1410 అని తేదీ ఇచ్చింది. కుడివైపు కెన్యన్ పొరలు, కుండల వరస, తర్వాత వచ్చిన మరో కార్బన్-14 తేదీ.

పాస్టర్ గారు ఈ పట్టికను యూత్ మీటింగ్‌లో చదివి వినిపించారు. పిల్లలు చేతులెత్తి ఓటు వేసినంత పని చేశారు. ఎడమవైపు నాలుగు, కుడివైపు మూడు. ఎవరో లెక్కపెట్టి ‘మనమే గెలిచాం’ అన్నారట. ప్రశ్న అడిగిన కుర్రాడు ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. తర్వాతి వారం రాలేదు.

ఇది పట్టిక స్వభావం. గడిలో పడగానే ప్రతి ఆధారమూ ఒకే బరువు ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ 1410 తేదీనే తీసుకోండి. 1980ల తొలి సంవత్సరాల్లో ఆ ల్యాబ్ చేసిన కొలతల్లో కొన్నింటికి లోపం ఉందని మ్యూజియమే చెప్పి సవరించింది. సవరించాక ఈ ముక్క తేదీ వెనక్కి జరిగింది, పైగా అటూ ఇటూ శతాబ్దానికి పైగా ఊగేంత వదులుగా వచ్చింది. స్కారబ్‌లు తాయెత్తుల్లా తరతరాలు దాచుకునే వస్తువులు. సమాధి ఆ ఫరో కాలం కంటే ముందుది కాదని చెప్పగలవు, ఊరు ఎప్పుడు కాలిందో చెప్పలేవు. పైగా సమాధులు దిబ్బకు బయట ఉన్నాయి. ఇవన్నీ పట్టికలో చిన్న అక్షరాలతో ఉన్నా, లెక్కలో మాత్రం ‘నాలుగు, మూడు’ అయ్యాయి.

“మీరు ఏది నమ్ముతారు సార్?” అని ఆయన అడిగారు. నేను చెప్పలేదు. చెప్తే మళ్లీ పేర్ల జాబితాలో ఇంకో పేరు చేరుతుంది, అంతే.

పనిచేసింది: రంగు పెన్సిళ్లు

ఒక దారి మిగిలింది. తవ్వేవాళ్లు తీర్మానానికి ఎలా వస్తారో ఆయనే చేసి చూడాలి. తీర్మానం ఏమిటో ముందు తెలియకూడదు. అందుకని పేర్లూ తేదీలూ అన్నీ తీసేశాను. కెన్యన్ పడమటి ట్రెంచ్ తాలూకు ప్రచురిత చిత్రాన్ని ఆధారం చేసుకుని, దాన్ని బాగా సులువు చేసి ఒక పెద్ద కాగితం మీద పెన్సిల్‌తో గీశాను. పొరలు, మూడు కట్టడాలు. అడుగున ఉన్న రాతి కట్టడం ‘అ’, దిబ్బ అంచున ఉన్న పచ్చి ఇటుకల గోడ ‘ఆ’, సున్నం పూసిన వాలు, దాని కింది రాతి గోడ కలిపి ‘ఇ’. ఇంకో కాగితం మీద తూర్పు వైపు కాలిన ఇళ్లు. పక్కన ఒక్కో పొరలో దొరికిన కుండల బొమ్మలు.

ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు కాగితాలు బల్ల మీద పరిచి రంగు పెన్సిళ్లు ఇచ్చాను. సూత్రాలు కొన్నే చెప్పాను. పైన ఉన్న పొర కింది పొర కంటే తర్వాతిది. గొయ్యి ఏ పొరలను కోసుకుంటూ దిగిందో ఆ పొరలన్నిటికంటే తర్వాతిది. గోడ ఎప్పటిదో గోడను చూస్తే తెలియదు, దాన్ని ఆనుకుని ఉన్న నేలల మీద పగిలి పడిన కుండల్ని బట్టి తెలుస్తుంది. పొరలకు రంగులు వేయండి, తర్వాత పాతదాని నుంచి కొత్తదాని వరకు వరసలో పెట్టండి అన్నాను.

వాలుకు పసుపు రంగు వేసుకుంటూ కింద నుంచి పైకి వచ్చారు. ‘ఆ’ గోడ దగ్గరికి రాగానే పెన్సిల్ ఆగింది. గోడకు ఇవతల పసుపు, అవతల కూడా పసుపు.

“సార్, ఈ వాలు మట్టి గోడ తల మీదుగా పోతోందే. అంటే వాలు పోసేనాటికే ఆ గోడ పూడిపోయి ఉండాలి కదా?”

అవునన్నాను. కాలిన ఇళ్లలోని కుండల బొమ్మలు వాలు కాలపు కుండలతో కలుస్తున్నాయా, గోడకు ఆనుకున్న నేలల మీది కుండలతోనా అని అడిగాను. బొమ్మల్ని చాలాసేపు తిప్పి చూసి, వాలుతోనే అన్నారు. గోడ పక్కన ఉన్నవాటి పిడులు, అంచులు వేరేగా ఉన్నాయని ఆయనే చూపించారు. అయితే ‘ఆ’ గోడకూ ఆ మంటకూ సంబంధం లేదు, మధ్యలో ఒక కాలమంతా ఉంది అని ఆయన నోటితోనే వచ్చింది. అప్పుడు చెప్పాను, మీ స్లైడ్‌లో ఉన్నది ‘ఆ’ గోడేనని.

కొద్దిసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. “మరి గార్‌స్టాంగ్‌కు ఈ మాత్రం తెలియలేదా?”

ఈ కేసులో మలుపు ఆ ప్రశ్న దగ్గరే వచ్చింది. జవాబు కాగితం మీదే ఉంది. దిబ్బ అంచున వానలకు పై పొరలు కొట్టుకుపోయాయి. మధ్య కంచు యుగపు వాలు అక్కడ చాలావరకు పోయింది. దాంతో వెయ్యేళ్ల కింద ఉండాల్సిన ఇటుక గోడ నేల మట్టానికి దగ్గరగా బయటపడింది. పైన ఇంకేమీ లేని గోడను చూస్తే ఆ ఊరి చివరి గోడ అనే ఎవరైనా అనుకుంటారు. పైగా 1930లలో పాలస్తీనా కుండల వరస ఇంకా సరిగా తేలలేదు. గార్‌స్టాంగ్ కళ్ల ముందున్నదాన్ని బట్టి నిజాయితీగానే ఆలోచించాడు, తర్వాత ఇంకా లోతుగా, ఇంకా పద్ధతిగా కోస్తే వేరే వరస కనబడింది. ఇది చెప్పినప్పుడు పాస్టర్ గారి భుజాలు దిగడం చూశాను. ఆయన చెప్పిన మాట అబద్ధం కాదు, పాత మాట. పిల్లల ముందు ఈ మాట చెప్పుకోవడంలో తల దించుకోవాల్సింది లేదు. నేను మొదట్లో పక్కన పెట్టిన రెండో సమస్య, ఆ పరువు సంగతి, తవ్వకాల చరిత్ర లోపలి నుంచే తీరింది.

గింజలు

మిగిలింది మంట తేదీ. 1550నా 1400నా? ఇక్కడ కుండల మీద పండితుల మధ్య వాదన ఉంది. సైప్రస్ నుంచి దిగుమతి అయిన కుండలు లేవు కాబట్టి 1400 కాదని కెన్యన్ అంది. స్థానిక కుండలు చూడాలి, దిగుమతులు ఒక పేద పేటలో దొరక్కపోవచ్చు అని వుడ్ అన్నాడు. ఈ వాదనను ఒక సాయంత్రంలో పాస్టర్ గారితో తేల్చడం కుదరదు. అందుకని ధాన్యం జాడీల వైపు తీసుకెళ్లాను. ఎడమవైపు వాదనకు బలం ఇచ్చిన ఆ జాడీలే తేదీ కూడా చెప్పగలవు.

కట్టెను కార్బన్-14తో చూస్తే చెట్టు ఆ కొమ్మ పెంచిన ఏడాది వస్తుంది. కొట్టి దూలంగా వేసి, వందేళ్లు వాడి, అప్పుడు ఇల్లు కాలితే తేదీ మంట కంటే వందేళ్లు పాతదిగా వస్తుంది. గింజ అలా కాదు. ఆ ఏడు పండింది ఆ ఏడో మరుసటి ఏడో కాలింది. కెన్యన్ తవ్వకంలో దాచిన మాడిన గింజలను, బొగ్గును బ్రూయిన్స్, వాన్ డెర్ ప్లిఖ్ట్ పరీక్షించి 1995లో ఫలితాలు ప్రచురించారు. బొగ్గు వయసు గింజల కంటే కొన్ని దశాబ్దాలు ఎక్కువ వచ్చింది, అది ఊహించినదే. గింజలు క్రీ.పూ. 16వ శతాబ్దంలో పడ్డాయి. నేను ఇంతవరకే చెప్పి, ఏ సాక్ష్యం ఏ ప్రశ్నకు జవాబిస్తుందో మీరే రాయండి అన్నాను. ఆయన రాసింది ఇది: గింజలు ఎప్పుడు కాలిందో చెప్తాయి. జాడీలు నిండుగా ఉండడం ఎలా పడిపోయిందో కొంత చెప్తుంది. ఎవరు కాల్చారో రెండూ చెప్పవు.

ఐగుప్తు నుంచి బయటికి వచ్చాక 480వ ఏట సొలొమోను మందిరం మొదలైందన్న 1 రాజులు 6:1 లెక్కతో యెహోషువను 1400 ప్రాంతంలో పెట్టేవాళ్లున్నారు. నిర్గమకాండం మొదట్లో వచ్చే రామెసేసు పట్టణాన్ని బట్టి 13వ శతాబ్దంలో పెట్టేవాళ్లున్నారు. ఏ లెక్క తీసుకున్నా 16వ శతాబ్దపు మంట దానికి కలవదు. ఈ మాట నేను మెత్తగా చెప్పే ప్రయత్నం చేయలేదు. అప్పటికి ఆయన వినగలిగే స్థితిలో ఉన్నారు.

లాకీషు దగ్గరికి ఎందుకు వెళ్లాం

ఒక్క దిబ్బతో ఆపితే పురావస్తు శాస్త్రం అంటే బైబిల్‌ను కొట్టేయడానికే ఉందన్న అభిప్రాయం మిగిలిపోతుంది. అది కూడా నిజం కాదు. అందుకని పోలికకు యూదా రాజ్యంలోని లాకీషు పట్టణాన్ని యెరికో పక్కన పెట్టాను. టెల్ ఎద్-దువైర్ అనే ఆ దిబ్బలో క్రీ.పూ. 701 నాటి అష్షూరు ముట్టడి కనబడుతుంది. నైరుతి మూలన ముట్టడి కోసం పోసిన రాళ్ల గుట్ట, కాలిన ద్వారం, బాణాల ములుకులు. 2 రాజులు 18లో యూదా రాజు హిజ్కియా అష్షూరు రాజు సన్హెరీబుకు కబురు పంపింది లాకీషుకే. అష్షూరు రాజధాని నీనెవెలో సన్హెరీబు రాజభవనం గోడల మీద ఆ ముట్టడి రాతి శిల్పాలుగా ఉంది, లాకీషు పేరు చెక్కి ఉంది. లేయార్డ్ అనే బ్రిటిష్ తవ్వకందారు వాటిని వెలికితీశాడు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో చూడొచ్చు. గ్రంథం, శత్రువు చెక్కించిన బొమ్మ, మట్టి, మూడూ ఒకచోట కలిశాయి.

కానీ అక్కడ కూడా ఏ పొర 701దో తేలడానికి దశాబ్దాలు పట్టింది. మూడో పొర బబులోనువాళ్లు 597లో కాల్చిందని తవ్విన స్టార్కీ అనుకున్నాడు. అది 701దేనని, ఆ తవ్వకాల నివేదిక తయారుచేసిన ఓల్గా టఫ్నెల్ వాదించింది. మూడో పొర కుండలకూ దాని పైన రెండో పొర కుండలకూ చాలా తేడా ఉంది. రెండో పొర 586లో కాలింది. పదకొండేళ్లలో కుండల తీరు అంతగా మారదు, ఇంకా ఎక్కువ కాలం గడిచి ఉండాలి. 1970లలో డేవిడ్ ఉస్సిష్కిన్ తవ్వి చూస్తే టఫ్నెల్ మాటే నిలిచింది. ఇక్కడ 597 అన్నవాళ్లలో కెన్యన్ కూడా ఉంది. యెరికోలో ఆమె లెక్క నిలిచింది, లాకీషులో నిలవలేదు. “అయితే ఆవిడ మాట అని కాదన్నమాట సార్, పొర ఏమంటోంది అని చూడాలి” అని పాస్టర్ గారు అన్నారు.

మీటింగ్

ఆయన కొత్త పవర్‌పాయింట్ చేయలేదు. కాగితాలు జిరాక్స్ తీయించి, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి రంగులు వేయించారు. మానేసిన కుర్రాడి ఇంటికి తనే వెళ్లి పిలిచారు. వాలు మట్టి గోడ తల మీదుగా పోవడాన్ని అన్ని గుంపులూ పట్టుకోలేదు, పట్టుకున్నవాళ్లు మిగతావాళ్లకు చూపించారు. ఒక అమ్మాయి అడిగింది: “మరి యెహోషువ కాలంలో అక్కడేముంది అయ్యగారూ?” చిన్న నివాసం గుర్తులు, పొయ్యి, కూజా, కొన్ని సమాధులు, ఆ కాలపు గోడ దొరకలేదు అని చెప్పారు. వానకు కొట్టుకుపోయి ఉండొచ్చని కొందరంటారని, కొట్టుకుపోతే ఆ పెంకులు వాలు కింద ఎక్కువగా దొరకాలి కదా అని మిగతావాళ్లు అడుగుతారని కూడా చెప్పారు. పాత శిథిలాల జ్ఞాపకం మీద కథ రూపుకట్టిందనేవాళ్లను, కెన్యన్ తేదీ తప్పనేవాళ్లను, ఇద్దరినీ వాళ్ల వాళ్ల కారణాలతో పరిచయం చేశారు. ఆ తర్వాత తన విశ్వాసం గురించి తన మాటల్లో మాట్లాడారు. అది నేను రాసిచ్చింది కాదు.

సంఘ పెద్దల్లో ఒకరు ఇదంతా అనవసరమన్నారు. ఇప్పటికీ అంటున్నారు. పిల్లలు మాత్రం వాట్సాప్‌లో వాదించుకోవడం తగ్గించి, ఏ పొర, ఏ కుండ అని అడుగుతున్నారు. ఆ కుర్రాడు వస్తున్నాడు.

నేను తీసుకున్నవి

ఈ కేసు తర్వాత యెరికో పాఠంలో వరస మార్చేశాను. తేదీలు చివర వస్తాయి. ముందు కాగితం, రంగులు. సమయం ఎక్కువ పడుతుంది, ఒక గంటలో అవ్వదు, నిర్వాహకులు ఒప్పుకోకపోతే పాఠాన్ని వాయిదా వేసుకోవడానికి కూడా సిద్ధపడుతున్నాను. రెండు వైపుల పట్టికలు పూర్తిగా మానేశాను. పాత తవ్వకందారుల గురించి చెప్పేటప్పుడు వాళ్లకు అలా ఎందుకు అనిపించిందో తప్పకుండా చెప్తున్నాను. దానివల్ల పాత మాటను నమ్మి ఇతరులకు చెప్పినవాళ్లకు వెనక్కి రావడానికి దారి దొరుకుతుంది. ‘దొరకలేదు’ అన్నదాన్ని ‘లేదు’ అని మార్చి చెప్పకుండా జాగ్రత్తపడుతున్నాను. అలాగే ‘దొరకలేదు అంతే కదా’ అని తేలిగ్గా తీసేయనివ్వడం లేదు. ఎంత మేర తవ్వారు, ఎక్కడ తవ్వారు, ఉంటే ఎక్కడ కనబడాలి అని అడిగిస్తున్నాను.

విశ్వాసం సంగతి నా రంగం కాదని మొదట్లో పెట్టుకున్న గీతను మాత్రం మార్చలేదు. పాస్టర్ గారు తనకు కావాల్సిన మాట తనే వెతుక్కోగలిగారంటే, దిబ్బ ఎంతవరకు మాట్లాడుతుందో ఆయనకు స్పష్టంగా తెలియడం వల్లే.

ఇప్పుడు వాళ్ల పాఠాలు ఎనిమిదో అధ్యాయానికి, హాయి పట్టణానికి వచ్చాయి. హాయి అని చాలామంది భావించే ఎత్-టెల్ దిబ్బ కాగితం గీసి పంపాను. 1930లలో జుడిత్ మార్కె-క్రాస్, 1960లలో జోసెఫ్ కాలవే తవ్విన దిబ్బ అది. తొలి కంచు యుగపు పెద్ద పట్టణం, దాని మీద వెయ్యేళ్లకు పైగా ఖాళీ, ఆపైన క్రీ.పూ. 1200 ప్రాంతపు చిన్న పల్లె. యెరికో కంటే గట్టి చిక్కు. పైవన్నీ కాగితం మీద రాయలేదు, పొరలు మాత్రమే ఉన్నాయి. పాస్టర్ గారు రంగులు వేయకముందే ఫోన్ చేసి, “సార్, అసలు ఈ దిబ్బే హాయి అని ఎవరు, దేన్నిబట్టి అన్నారు?” అని అడిగారు. బేతేలుగా భావించే బేతీన్‌కు తూర్పున ఉండడం, చుట్టుపక్కల నేల తీరు యెహోషువలోని వర్ణనకు కుదరడం, దాన్ని కాదని వేరే దిబ్బలను చూపించేవాళ్ల కారణాలు, ఇవన్నీ కలిపి ఒక మ్యాప్ తయారుచేస్తున్నాను.